మంచు ఎంత కిందికి దిగింది? విజయనగరం నుంచి ఔలీ దాకా

బయల్దేరే ముందు

మా వైపు వాతావరణం తూర్పు నుంచి వస్తుంది. ఉద్దానంలో పుట్టి పెరిగినవాళ్లం, ఆకాశం కాస్త ముఖం మార్చిందంటే ముందు సముద్రం వైపు చూస్తాం. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చే ముందు రోజు టీవీలో ఒకటే మాట: కళింగపట్నానికీ గోపాల్‌పూర్‌కీ మధ్య తీరం దాటుతుందని. ఆ రెంటి మధ్యే మా ఊరు. 11వ తేదీ తెల్లవారుజామున పలాస దగ్గర దాటింది. మా నాన్న నాటిన కొబ్బరి చెట్లలో తెల్లారేసరికి నిలబడి ఉన్నవి ఏడు. అప్పట్నుంచి వాతావరణం చూడటం నాకో వ్యసనం. విజయనగరంలో ఎరువుల కొట్టు పెట్టుకున్నాక అది వ్యాపారానికీ పనికొచ్చింది. యూరియా బస్తాకి డబ్బులు తీసే ముందు ఏ రైతైనా అడిగేది ఒకటే కదా, "వానుందా బాబూ?" అని.

అలాంటివాణ్ణి పడమటి వైపు చూసేలా చేసింది మా మేనకోడలు. హైదరాబాద్‌లో ఉద్యోగం. మార్చిలో ఔలీ వెళ్లి స్కీయింగ్ నేర్చుకుంటానని డబ్బు కట్టేసింది. "ఆడపిల్ల ఒక్కర్తీ అంత దూరమా?" అని మా అప్ప పట్టు పట్టింది. పిల్లకి కోపం వచ్చింది, బావకి టెన్షన్ వచ్చింది, ఆఖరికి బావా నేనూ తోడు వెళ్లేట్టు రాజీ కుదిరింది. ఔలీ అంటే ఉత్తరాఖండ్‌లో, చమోలీ జిల్లాలో, బదరీనాథ్ దారిలో జోషీమఠ్ పైన ఉండే కొండవాలు. అడుగున సుమారు 2,500 మీటర్ల ఎత్తు, నెత్తిన 3,050. ఈ రెండు అంకెలు గుర్తుంచుకోండి. మా యాత్ర అంతా వాటి చుట్టూనే తిరిగింది.

వారం ముందు నుంచే ఫోన్‌లో ఔలీ పెట్టుకున్నాను. ఒక యాప్ 13, 14 తేదీల్లో 5 సెంటీమీటర్ల మంచు అంది. ఇంకోటి 30 అంది. మూడోదాంట్లో మబ్బు బొమ్మ తప్ప ఏమీ లేదు. తుఫాను విషయంలో ఇంత తేడా చూపిస్తే కలెక్టరాఫీసులో ఎవరికీ నిద్ర ఉండదు.

అమ్మకు చెప్తే నవ్వింది. "మంచు సూడ్డానికి అంత దూరమేటిరా? మొన్న పొద్దున్న మనకీ పడింది కదా. మామిడి పూతంతా మాడిపోనాది."

అమ్మ తప్పేం లేదు. గడ్డి మీద నీటిబొట్లూ మంచే, పొద్దున్న ఎదురింటిని కనపడనివ్వని పొగా మంచే, లంబసింగి వెళ్లి చలికి వణుకుతూ ఫోటోలు దిగేదీ మంచే, ఐస్‌ముక్కా మంచే. ఆకాశం నుంచి దూదిలా రాలేదానికీ అదే మాట. ఆ చివరిది చూడని మనిషికి తేడా ఎలా చెప్పాలి?

మార్చి 8, 9

సమతా ఎక్స్‌ప్రెస్. విజయనగరం దాటి బొబ్బిలి, పార్వతీపురం వచ్చేసరికే కిటికీ లోంచి వడగాలి. రాయగడ దాకా జీడి మామిడి పూత వాసన. అప్ప కట్టిచ్చిన పులిహోర, జంతికలు, ఆవకాయ, రెండు రోజులకని చెప్పి ఆరు రోజులకి సరిపడా. కాఫీ తాగడానికి నేనొక స్టీలు గ్లాసు తెచ్చుకున్నాను. అది తర్వాత ఇంకోదానికి పనికొచ్చింది. మర్నాడు ఢిల్లీలో మేనకోడలు కలిసింది. ఆ రాత్రే హరిద్వార్ బండి.

మార్చి 10

హరిద్వార్‌లో చీకటితోనే టాక్సీ ఎక్కాం. కొండ దారిలో రాత్రి ప్రయాణాలు ఉండవు, అందుకని అంతా తెల్లవారుజామునే బయల్దేరతారు. జోషీమఠ్ చేరేసరికి సాయంత్రమైంది. బావ దారి పొడవునా ప్రయాగలు లెక్కపెట్టాడు. దేవప్రయాగలో భాగీరథి, అలకనంద కలుస్తున్న చోట ఒకదాని రంగు ఇంకోదానికి అంటకుండా పక్కపక్కనే పారుతున్నాయి. తర్వాత రుద్ర, కర్ణ, నంద. అయిదోదైన విష్ణుప్రయాగ జోషీమఠ్‌కు కిందే ఉందని, రేపు చూడొచ్చని డ్రైవరు చెప్పాక గానీ ఆయన శాంతించలేదు.

ఆ డ్రైవరు నోట రోజంతా ఒకే మాట: "పశ్చిమీ విక్షోభ్". వస్తోంది, ఎల్లుండి కల్లా ఇక్కడ ఉంటుంది, అది రాకపోతే ఈ ఏడాదికి ఔలీ పని అయిపోయినట్టే.

"విక్షోభం అంటే మన క్షోభేనా?" అని అడిగాడు బావ.

అదే. ఇంగ్లీషులో వెస్టర్న్ డిస్టర్బెన్స్ అంటారు. మధ్యధరా సముద్రం వైపు, కాస్పియన్ వైపు పుట్టే అలజడి. పైన చాలా ఎత్తులో పడమటి నుంచి తూర్పుకు వీచే జెట్ గాలి దాన్ని మోసుకొస్తుంది. ఇరాన్, అఫ్గానిస్తాన్, పాకిస్తాన్ దాటి వచ్చి హిమాలయాలకు కొట్టుకుంటుంది. చలికాలంలో నెలకు నాలుగు నుంచి ఆరు వస్తుంటాయి. పంజాబ్ గోధుమకు వాన ఇచ్చేవీ ఇవే, ఔలీకి మంచు ఇచ్చేవీ ఇవే. మన అల్పపీడనానికీ దీనికీ చుట్టరికం తక్కువ. మనది వెచ్చటి సముద్రం మీద బలం పుంజుకునే రకం. ఇది వెచ్చటి గాలికీ చల్లటి గాలికీ మధ్య తగాదా లోంచి పుట్టేది.

మార్చి 11

పొద్దున్నే నరసింహ ఆలయానికి వెళ్లాం. చలికాలం బదరీనాథ్ మూసి ఉన్నన్నాళ్లూ పూజలు జోషీమఠ్‌లోనే. ఇక్కడి నరసింహస్వామి ఒక చేతి మణికట్టు ఏటేటా సన్నబడుతోందని, అది విరిగిన రోజున కొండలు కలిసిపోయి బదరీ దారి మూసుకుపోతుందని స్థానికుల నమ్మకం. సింహాద్రి అప్పన్నకి మొక్కనిదే ఇల్లు కదలని బావ ఆ చేతిని చూడటానికి మూడుసార్లు వరసలో నిలబడ్డాడు. "సన్నగానే ఉందోయ్" అన్నాడు బయటికొచ్చి, కాస్త దిగులుగా.

దిగులు పడాల్సింది వేరే ఉంది. 2023 జనవరిలో ఈ ఊరి నేల కుంగి ఎనిమిది వందలకు పైగా ఇళ్లకు పగుళ్లు వచ్చాయి. పాత కొండచరియల మట్టి మీద నిలబడ్డ ఊరిది, బరువైన కట్టడాలు వద్దని 1976లోనే మిశ్రా కమిటీ చెప్పింది. గుడి నుంచి వచ్చే సందులో ఒక గోడ మీద పగులు చూశాను. దాన్ని సిమెంటుతో పూడ్చారు. ఆ సిమెంటు పక్కనే మళ్లీ సన్నటి గీత. ఆ ఇంటి గుమ్మం ముందు ఒక పెద్దావిడ ఎండలో పప్పు ఆరబోసుకుంటోంది. దగ్గరికి వెళ్లి చూస్తే ఉలవలు. ఇక్కడ గహత్ అంటారట. పొద్దున్న హోటల్లో పెట్టిన నల్లటి రొట్టె కూడా మన చోడి పిండిదే, వాళ్లకు మండువా. విజయనగరం మనిషి ఇంత దూరం వచ్చి ఉలవలూ చోళ్లూ తింటున్నాడంటే అమ్మ నమ్మలేదు.

ఊళ్లోంచి ఔలీకి నాలుగు కిలోమీటర్ల రోప్‌వే ఉండేది. నేల కుంగినప్పట్నుంచి అది ఆగిపోయింది. జీపులో రోడ్డు మీదే వెళ్లాలి. దేవదారు చెట్ల మధ్య మెలికలు తిరుగుతూ ఎక్కి, చివరి మలుపులో మేనకోడలు "వచ్చేశాం!" అని అరిచింది. తర్వాత ఎవరూ మాట్లాడలేదు.

కొండవాలు సగం గోధుమరంగులో ఉంది. ఎండిన గడ్డి. మధ్యలో స్కీయింగ్ చేసే పట్టీ మాత్రం తెల్లగా, అంచులు మురికిపట్టి, ఎవరో ఆరేసి మరిచిపోయిన పంచెలా ఉంది. పైన చెట్ల నీడలో ఇంకొంచెం మిగిలింది. ఎదురుగా నందాదేవి, 7,816 మీటర్లు, మబ్బు ముక్క లేకుండా. మామూలు రోజైతే అది చాలు. మేము వచ్చింది దానికి కాదు.

"అంత దూరం నుంచి వచ్చింది దీనికా?" అన్నాడు బావ. ఆ మాట నేనూ అనుకున్నాను, అందుకే జవాబివ్వలేదు.

దానికి తోడు మాకు ఇంకో దెబ్బ. ఔలీలో ముందే డబ్బు కట్టిన లాడ్జిలో మా గది వేరేవాళ్లకిచ్చేశారు. పుస్తకంలో మా పేరు ఉంది, గదిలో వేరే మనుషులు ఉన్నారు. అరగంట వాదించాక పిల్లకి కోర్సువాళ్ల వసతిలో చోటు దొరికింది, మేమిద్దరం మళ్లీ జోషీమఠ్ దిగాం. అంటే రాబోయే అలజడికి ఆ పిల్ల 2,700 మీటర్ల దగ్గర ఎదురుచూస్తుంది, మేము 1,890 దగ్గర. ఆ తేడా ఎంతటిదో అప్పటికి నాకు తట్టలేదు.

మార్చి 12

స్కీయింగ్ పాఠం చూడ్డానికి పైకి వెళ్లాం. మొదటి గంట అంతా పడటం, లేవటం. లేవటమే కష్టం. కాళ్లకు ఆరడుగుల చెక్కలు కట్టుకుని పడిన మనిషికి ఏ కాలు ఎటు ఉందో తెలియదు. వాలు ఎక్కాలంటే అడ్డంగా తిరిగి పీతలా అడుగులెయ్యాలి. ఆగాలంటే ముందు కొసలు దగ్గరకి, వెనక కొసలు దూరంగా పెట్టాలి. పిల్లలకు దీన్ని పిజ్జా ముక్క అని నేర్పుతారట. మా పిల్ల పిజ్జా పెట్టింది, ఆగలేదు, నేరుగా వెళ్లి గడ్డివామంత మంచుకుప్పలో దూరింది.

నాకు మాత్రం కింద చలిమంట దగ్గర మంచి స్నేహం కుదిరింది. పాతికేళ్లుగా ఇక్కడ స్కీయింగ్ నేర్పుతున్న మనిషి, ముఖం ఎండకు రాగి చెంబులా ఉంది. అందరూ భైజీ అంటున్నారు, నేనూ అలాగే పిలిచాను. వసంతం మంచు గురించి ఆయన దగ్గర తెలుసుకున్నంత ఏ యాప్‌లోనూ లేదు.

రాత్రి ఆకాశం తేటగా ఉంటే నేల వేడి పైకి పోయి పాతమంచు గట్టిపడుతుంది. పొద్దున్న ఎనిమిదింటికి దాని మీద నడిస్తే బూటు కింద కరకరమని పెంకు విరిగిన చప్పుడు. పదింటికి పైపొర కరిగి ముతక ఉప్పులా గుళ్లు గుళ్లుగా అవుతుంది. అదీ మార్చిలో స్కీలు వెయ్యడానికి మంచి సమయం, గంటో గంటన్నరో. మధ్యాహ్నానికి జావ. అందులో స్కీలు కూరుకుపోయి మోకాళ్లు మెలిపడతాయి. అందుకే తేట రాత్రి తర్వాతి పొద్దే మంచిది. మబ్బు రాత్రి తర్వాత మంచు గట్టిపడదు, పొద్దున్నుంచే జావ.

2011 జనవరిలో మొదటి దక్షిణాసియా శీతాకాల క్రీడలు ఇక్కడ జరిగాయి. యంత్రాలతో మంచు చల్లడానికి నీళ్లు కావాలని కొండ మీద చెరువు కూడా తవ్వారు. కానీ యంత్రానికైనా చలి సున్నాకు దిగువకు పోవాలి. మంచు చాలక పోటీలు రద్దయిన ఏళ్లూ ఉన్నాయని భైజీ అన్నాడు, ఎవర్నీ తప్పుపట్టకుండా, మన రైతు 'ఈ ఏడు చెరువు నిండలేదు' అన్నట్టు.

రేపటి సంగతి అడిగాను. ఆయన ఫోన్ తీయలేదు, చేత్తో పైకి చూపించాడు. పడమర వైపు ఆకాశంలో పీచులాంటి సన్నటి మబ్బులు, దువ్విన తల వెంట్రుకల్లా. "ఇరవై నాలుగు గంటలు" అన్నాడు. తర్వాత ఒక ప్రశ్న అడిగాడు, దానితో నా బుర్ర తిరిగింది. "పడుతుందా లేదా అని కాదు. ఎంత కిందికి దిగుతుంది?"

డెహ్రాడూన్ వాతావరణ కేంద్రం బులెటిన్‌లో ఎప్పుడూ ఉండే మాట ఇది: ఫలానా జిల్లాల్లో వాన, ఇంత ఎత్తుకు పైన ఉన్న చోట్ల మంచు. ఆ సాయంత్రం దాంట్లో చమోలీకి రాసింది 3,000 మీటర్లు. అంటే వానకీ మంచుకీ మధ్య గీత సరిగ్గా ఔలీ నెత్తి మీద. వాలు మొత్తంలో పైన 50 మీటర్లకి మంచు, మిగతా అంతటికీ వాన. ఉన్న మంచును కూడా కడిగేసే వాన.

నాకు తెలిసిన హెచ్చరికలన్నీ అడ్డంగా చదివేవి. కళింగపట్నమా, బారువా, గోపాల్‌పూరా? యాభై కిలోమీటర్లు అటూ ఇటూ అయితే ఒకరి తోట పోతుంది, ఇంకొకరిది మిగులుతుంది. ఇక్కడ అదే లెక్కను నిలువుగా చదవాలి. కిలోమీటరు ఎత్తుకు సగటున ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. జోషీమఠ్‌కీ ఔలీ నెత్తికీ మధ్య 1,160 మీటర్లు, అంటే దాదాపు ఏడున్నర డిగ్రీలు. నా యాప్‌లు ఎందుకు తగాదా పడుతున్నాయో అప్పుడు అర్థమైంది. ఒకటి లోయలోని ఊరి ఎత్తుకు లెక్క కడుతోంది, ఇంకోటి కొండ ఎత్తుకు. మేనకోడలు వాడే యాప్‌లో అడుగు, నడుమ, నెత్తి అని మూడు వేర్వేరుగా ఉన్నాయి. చూడాల్సింది అదీ. దానితో పాటు సున్నా డిగ్రీలు ఏ ఎత్తులో ఉందో చెప్పే వరస. మంచు ఆ ఎత్తు దగ్గరే ఆగదు, కరుగుతూ కరుగుతూ ఇంకో రెండు మూడు వందల మీటర్లు దిగుతుంది. జనవరిలో ఈ గీత జోషీమఠ్ దాకా వచ్చేస్తుంది. మార్చి గడిచే కొద్దీ కొండెక్కుతుంది.

మార్చి 13

ఏమీ జరగలేదు. పొద్దున్న మబ్బు, మధ్యాహ్నం మబ్బు. నందాదేవి కనపడలేదు. బావ గదిలో కంబళి కప్పుకుని "వాయుగుండం వాయుగుండం అని వారం రోజులు బెదిరించి ఒడిశా ఎల్లిపోద్ది సూడు, అలాగే ఉంది నీ విక్షోభం" అన్నాడు. నేను పది నిమిషాలకోసారి ఫోన్ చూడటం ఆయనకు నచ్చలేదు.

నాలుగింటికి గాలి లేచింది. ఆరింటికి వాన. రేకుల మీద విశాఖ వానలాగే చప్పుడు, కాకపోతే చల్లగా. మేనకోడలికి ఫోన్ చేస్తే అక్కడా వానే. ఏడున్నరకు మళ్లీ చేశాను, వానే. ఆ పిల్ల గొంతులో ఏడుపు. ఎనిమిదిన్నరకు ఆమే చేసింది.

"మావయ్యా, కిటికీ మీద చప్పుడు మారింది."

తెల్లటి గుళికలు పడుతున్నాయంది. వడగళ్లు కావు, చేత్తో నొక్కితే నలిగిపోతున్నాయి, సగ్గుబియ్యంలా ఉన్నాయి. తొమ్మిదింటికి మళ్లీ ఫోన్. ఈసారి మాట్లాడలేదు, ఫోన్ కిటికీ బయట పెట్టింది. నాకేమీ వినపడలేదు. "వింటున్నారా?" అంది. "ఏం లేదమ్మా" అన్నాను. "అదే మావయ్యా! చప్పుడు లేదు!"

ఇదీ భైజీ చెప్పినదే. జోరుగా పడితే పడేదే గాలిని చల్లబరుస్తుంది. పైనుంచి రాలే మంచు కరగడానికి చుట్టూ ఉన్న గాలిలోని వేడిని లాక్కుంటుంది, దాంతో గీత మెల్లగా కిందికి జారుతుంది. బులెటిన్‌లో 3,000 అన్నది రాత్రికి 2,500 కావచ్చు. జోరు లేకపోతే కాదు. మాకు మాత్రం రాత్రంతా రేకుల మీద వానే.

మార్చి 14

తెల్లారి మేడ ఎక్కితే గీత కళ్లముందే ఉంది. ఎదురు కొండ సగం దాకా పచ్చగా, అక్కణ్నుంచి పైకి తెల్లగా. గోడకు నడుము ఎత్తున సున్నం ఆపేసినట్టు, అంత తిన్నగా. లోయ చుట్టూ అన్ని కొండల మీదా ఒకే ఎత్తులో. యాప్‌లో అంకెగా చూసింది ఇలా కంటికి కనపడుతుందని నేననుకోలేదు. బావ కూడా కంబళితోనే వచ్చి నిలబడ్డాడు. చాలాసేపటికి "వరద తగ్గాక గోడ మీద మరక ఉండిపోద్ది సూడు, అలాగుంది" అన్నాడు.

జీపు సగం దారి దాకే వెళ్లింది. చక్రాలకు గొలుసులు లేవు, ఇక తిరగనని దించేశాడు. అక్కణ్నుంచి అద్దె గమ్ బూట్లతో నడక. మంచు ఇంకా పడుతూనే ఉంది.

దీన్ని దగ్గరగా చూసింది చెప్తాను. నల్ల స్వెట్టరు చెయ్యి చాపితే దాని మీద వచ్చి వాలినవి బొమ్మల్లో చూపించే ఆరు కోణాల పువ్వులు కావు. నాలుగైదు పువ్వులు అతుక్కుపోయి, నలిగిన మల్లెపూల గుత్తుల్లా ఉన్నాయి. ఒక్కొక్కటి రూపాయి బిళ్లంత. ఊలు పోగు మీద క్షణం నిలబడి, అంచుల నుంచి మెత్తబడి, చుక్కై, పోగులోకి ఇంకిపోతుంది. సున్నాకు దగ్గర చలిలో పడే మంచు అలాగే ఉంటుందట, తడిగా, అతుక్కునేలా. ముఖానికి తగిలితే పువ్వు తగిలినట్టే. మెడలోకి దూరితే మాత్రం మన నూతి నీళ్లే నయం.

మేనకోడలు ఎదురొచ్చింది. నిన్నటి గోధుమరంగు గడ్డి ఎక్కడా లేదు. భైజీ చేతికర్ర దింపి చూపించాడు. జానెడు, దాని మీద ఇంకో నాలుగు వేళ్లు. కింద చెరువు దగ్గర జానెడే.

టీ కొట్టు దగ్గర నా స్టీలు గ్లాసు తీశాను. అదమకుండా, అంచు దాకా కొత్త మంచు నింపి పొయ్యి పక్కన పెట్టాను. బావకు విసుగు, మేనకోడలికి సిగ్గు. పావుగంటకు చూస్తే అడుగున నీళ్లు, గ్లాసులో ఐదో వంతుకు కాస్త తక్కువ. జనవరిలో పొడి మంచైతే పది గ్లాసులకు ఒక గ్లాసు వస్తుందని లెక్క. ఇది దానికి దాదాపు రెట్టింపు బరువు. అందుకే దేవదారు కొమ్మలు వంగిపోయాయి, అందుకే రాత్రి పైన కరెంటు పోయింది. రోడ్డు పక్కన విరిగిన కొమ్మ చూశాను. మాకు గాలి విరుస్తుంది, వీళ్లకు బరువు విరుస్తుంది.

భైజీ గ్లాసులోకి చూసి నవ్వాడు. "ఇది మంచు కాదు, రైతు డబ్బు. జూన్‌లో ఊటల్లో కనపడుతుంది." గఢ్వాలీలో దీన్ని 'హ్యూఁ' అంటారని చెప్పాడు. పొగమంచుకు వేరే మాట, గడ్డి మీద పేరుకునే తెల్లటి పొరకు వేరే మాట. మీ భాషలో ఎన్ని అని అడిగాడు. ఒకటే అన్నాను. ఆయన జాలిగా చూశాడు. మరి మా తూరుపు గాలికీ పైరగాలికీ నైరుతికీ వేరే పేర్లున్నాయని చెప్పాలనిపించింది గానీ, నా హిందీ అంత దూరం పోలేదు.

మార్చి 15

అలజడి తూర్పుకు జరిగిపోయింది. పొద్దున్న ఆరింటికి నందాదేవి గులాబీరంగులో, గొడవేమీ ఎరగనట్టు. మేమెక్కేసరికి జనం నిండిపోయారు. మేనకోడలు ఎవరూ పట్టుకోకుండా వంద గజాలు జారి, పిజ్జా పెట్టి, ఆగింది. బావ ఆ వీడియో అప్పకు పంపాడు. "కాళ్లకేటి కట్టేరు?" అని జవాబు.

పైన గోర్సన్ బుగ్యాల్ అనే పచ్చికబయలు దాకా నడుద్దామనుకున్నాం. భైజీ వద్దన్నాడు. కొత్త మంచు పడ్డాక మొదటి ఎండ రోజే జారే రోజు. పాతమంచు పెంకు మీద బరువైన తడిమంచు కూర్చుంది, ఎండకు మధ్యలో నీరు దిగితే పై పొర పొరంతా కదులుతుంది. ఏ ప్రాంతంలో ప్రమాదమెంతో ఒకటి నుంచి ఐదు దాకా అంకెతో హెచ్చరికలు ఇస్తారు, మన రేవులో నంబర్లు ఎగరేసినట్టు. 2025 ఫిబ్రవరి 28న ఇక్కడికి దగ్గర్లోనే, మాణా ఊరి దగ్గర రోడ్డు పనివాళ్ల శిబిరం మీద మంచుచరియ పడింది. 54 మంది చిక్కుకుంటే ఎనిమిది మంది చనిపోయారు. బావ ఇంకేమీ అడక్కుండా టీ తెచ్చుకున్నాడు.

పన్నెండింటికల్లా చెట్ల మీంచి మంచు దబ్బుదబ్బున రాలడం మొదలైంది. రెండింటికి దక్షిణం వైపు వాలు మీద గడ్డి కొసలు బయటికొచ్చాయి. వాలు ఉత్తరం వైపు తిరిగి ఉన్నచోట మాత్రం చెక్కు చెదరలేదు. మార్చి ఎండ అది, ఆకాశం నుంచి ఒకసారి, మంచు మీంచి ఇంకోసారి కొడుతుంది. యాభై ఏళ్లు ఉద్దానం ఎండలో తిరిగినా ఏమీ కాని బావ ముక్కు సాయంత్రానికి కమిలిపోయింది. చల్లగా ఉంది కదా అని టోపీ తీసేశాడు మరి.

మార్చి 16

దిగుతున్నాం. మేనకోడలికి కోర్సు ఇంకా మూడు రోజులుంది. జోషీమఠ్‌కు కాస్త పైన, సరిగ్గా గీత ఉన్నచోట, డ్రైవరు బండి ఆపాడు. బురాంశ్ చెట్టు, ఎర్రటి పువ్వుల గుత్తులు. రాత్రి చలికి నిలిచిన మంచు గుత్తి మీద గుప్పెడు ఉంది, కింద నుంచి కరుగుతూ ఎర్రటి రేకు మీంచి బొట్టు బొట్టుగా కారుతోంది. అక్కణ్నుంచి పది అడుగులు కిందికి దిగితే మంచు లేదు.

అమ్మకు వీడియో కాల్ చేసి చూపించాను. చాలాసేపు చూసింది.

"అది మంచేటిరా? కొబ్బరి కోరులా ఉంది."

మార్చి 19

కొట్టు తెరిచాను. పొద్దున్న తొమ్మిదికే షట్టరు చెయ్యి కాలుతోంది. నెల్లిమర్ల వైపు నుంచి ఒక మొక్కజొన్న రైతు వచ్చి, బస్తా మీద చెయ్యేసి, మామూలుగానే అడిగాడు, "వానుందా బాబూ?"

ఫోన్ తీశాను. ముందు తెరుచుకున్నది ఔలీయే. తీసెయ్యలేదు ఇంకా. ఇంకో అలజడి వస్తోంది, నాలుగు రోజుల్లో. మంచు గీత 3,200 దగ్గర చూపిస్తోంది.

"ఈసారి అందదు" అనేశాను పైకే.

"ఏటి అందదు?" అన్నాడాయన కంగారుగా, బస్తా మీంచి చెయ్యి తీసేస్తూ.